కొండవీడు చరిత్ర ముప్ఫై పేజీలు, వినేవాళ్లు సున్నా

మీ ప్రశ్నలు – మా జవాబులు: టేబుల్‌టాప్ రోల్‌ప్లేయింగ్ గేములు

ఈసారి గుంటూరు, విజయవాడల నుంచి వచ్చిన ఉత్తరాలన్నీ ఇంచుమించు ఒకే బాధ చెప్పాయి. గేమ్ మాస్టర్ బుర్రలో ఒక లోకం ఉంటుంది. దానికో చరిత్ర, ఊళ్లు, వంశాలు, పాత పగలు. ఇదంతా ప్లేయర్లకు విసుగు పుట్టకుండా ఎలా అందించాలి? కొత్తగా చదివేవాళ్లకు ఒక్క మాట: ఈ ఆటలో ఒకరు గేమ్ మాస్టర్ (జీఎం), మిగతా నలుగురైదుగురూ తలా ఒక క్యారెక్టర్‌ని ఆడతారు. కథలో ఎదురయ్యే తక్కిన మనుషుల్ని, అంటే ఎన్‌పీసీలని, జీఎమ్మే పలికిస్తారు. ఏం జరుగుతుందో తేలని చోట డైస్ వేస్తారు. ఒక పూట ఆటని సెషన్ అని, సెషన్ల కొద్దీ సాగే కథని క్యాంపెయిన్ అని అంటారు.

ప్రశ్న: కొండవీడు కోటలో నడిచే క్యాంపెయిన్ మొదలుపెట్టాను. కాలం 1515, కృష్ణదేవరాయల సైన్యం కోట మీదికి వస్తోంది. ప్లేయర్లు నలుగురూ లోపల కాపలా కాసే గజపతుల సిపాయిలు. ప్రోలయ వేమారెడ్డితో మొదలుపెట్టి గజపతుల దాకా ముప్ఫై పేజీలు రాసి మొదటి సెషన్‌లో చదివాను. కాసేపటికే ఫోన్లు బయటికొచ్చాయి. తగ్గించమంటారా, ఇంకా బాగా చదవమంటారా?
— ఒక జీఎం, బ్రాడీపేట, గుంటూరు

జవాబు: ఎంత బాగా చదివినా ఫోన్లు బయటికే వస్తాయండీ. ఏ పేరు ముందు ముందు అక్కరకొస్తుందో వినేవాడికి తెలియదు, అందుకని ఏదీ గుర్తుపెట్టుకోడు. వేమారెడ్డి అద్దంకి నుంచి ఏలాడని, అనవోతారెడ్డి రాజధానిని కొండవీటికి మార్చాడని చదువుకోవడం మీకు ఇష్టం. మాకూ ఇష్టమే. కానీ కోట గుమ్మంలో ఈటె పట్టుకుని నిలబడ్డ సిపాయి ఆ కబురుతో చేయగలిగింది ఏమీ లేదు.

ముప్ఫై పేజీలూ ముందేసుకుని పెన్సిల్ తీసుకోండి. ప్రతి వాక్యం దగ్గరా ఒకటే అడగండి: ఈ సంగతి తెలిస్తే ప్లేయర్ ఈ పూట వేరే పని చేస్తాడా? చేస్తాడనుకుంటే గీత పెట్టండి. గీతలు పడ్డవన్నీ పోగేస్తే పేజీన్నర మిగిలితే గొప్ప. మిగతాది చించేయక్కర్లేదు. ఎవరైనా ఉన్నట్టుండి “ఈ గుడి ఎవరు కట్టించారు?” అంటే తడుముకోకుండా చెప్పడానికి అది మీ దగ్గర ఉండాల్సిందే.

మొదటి సెషన్‌కి మూడు సంగతులు చాలు: మనం ఎవరి మనుషులం, మీదికి వస్తున్నది ఎవరు, ఇక్కడ ఏం బాగాలేదు. ఈ మూడూ చెప్పకండి, గుమ్మం దగ్గరికి తెప్పించండి. ఉదాహరణకి మీరు చదివింది ఇలా ఉండి ఉంటుంది: “గజపతుల రాజధాని కటకం. రాజు ప్రతాపరుద్ర గజపతి. 1514లో ఉదయగిరి రాయల వశమైంది. ఇక కొండవీటి వంతు.” అదే సరుకుని ఇలా దించి చూడండి:

“తెల్లవారుజాము, కాపలా మారే వేళ. కటకం నుంచి రావలసిన జీతాలు ఈ నెల కూడా రాలేదని ఇప్పుడే తెలిసింది. గుమ్మం బయట కాలికి కట్టుతో ఒక ముసలి సిపాయి, ఉదయగిరి నుంచి పారిపోయి వచ్చానంటూ లోపలికి రానివ్వమని బతిమాలుతున్నాడు. రాజకుమారుడు వీరభద్రుడి ముద్ర లేనిదే పిట్టని కూడా రానివ్వొద్దని రాత్రే చాటించారు. ఏం చేస్తారు?”

ఐదు వాక్యాలు. రాజధాని దూరం, ఖజానా ఇరకాటంలో ఉంది, ఉదయగిరి పోయింది, రాజుగారి కొడుకు ఇదే కోటలో ఉన్నాడు. నాలుగు సంగతులూ వచ్చేశాయి, ఒక్కటీ పాఠంలా రాలేదు. ముసలాయన్ని రానిస్తే ఉదయగిరి ఎలా పడిందో ఆయనే చెబుతాడు. తరిమేస్తే, “మనవాడే కదా, ఎందుకు తరిమారు?” అని గోడ మీది సిపాయిలు అడుగుతారు. ఎటు పోయినా చరిత్ర బయటికొస్తుంది, అదీ వాళ్లు అడిగాక.

పేర్ల విషయంలో గట్టిగా ఉండండి. ఒక దృశ్యంలో కొత్త పేర్లు మూడు దాటకూడదు. పైన కటకం, ఉదయగిరి, వీరభద్రుడు అయ్యేసరికి కోటా అయిపోయింది, అందుకే ముసలి సిపాయికి పేరు లేదు. ప్లేయర్ “నీ పేరేంటి తాతా?” అన్నప్పుడు పెట్టండి. తానే అడిగి తెలుసుకున్న పేరుని ఎవరూ అంత తొందరగా మర్చిపోరు.

ముప్ఫై పేజీలూ పీడీఎఫ్ చేసి గ్రూపులో పడేస్తే ఇంటి దగ్గర చదువుకొస్తారన్న ఆశ మాత్రం వదులుకోండి. పంపాలనుంటే వాట్సాప్‌లో ఐదు లైన్లు, ఫోన్ తెర పైకి జరపకుండా కనిపించేంత. ఇంకో మాట. మీ ప్లేయర్లలో కొండవీడు ఘాట్ రోడ్డెక్కి కోట చూసొచ్చినవాళ్లు ఉంటే వర్ణన మీరు చేయకండి. కాగితం ఇచ్చి బురుజులు, చెరువులు వాళ్లచేతే గీయించండి. ఆ మ్యాపే ఆటలో వాడండి, తప్పులున్నా సరే.

ప్రశ్న: మా ఆట డంజన్స్ అండ్ డ్రాగన్స్ ఐదో ఎడిషన్. పాత సంగతులు తెలుసా లేదా అన్నప్పుడు హిస్టరీ చెక్ వేయిస్తాను. డైస్ తప్పితే ముఖ్యమైన క్లూ పోతోంది, కథ అక్కడే ఆగిపోతోంది.
— బెంజి సర్కిల్ దగ్గర్నుంచి, విజయవాడ

జవాబు: లెక్క చూడండి. మీడియం కష్టానికి 15 పెట్టారనుకుందాం, అంటే డైస్, బోనస్ కలిపి అంత రావాలి. ఇంటెలిజెన్స్ బోనస్ ఏమీ లేనివాడు ఇరవై ముఖాల డైస్ మీద 15 గానీ అంతకు మించి గానీ వేయాలి. అంటే నూటికి 30 పాళ్లు. బోనస్ 3 ఉన్న పండితుడికి కూడా 45 పాళ్లే. మరి “నేనూ వేస్తా, నేనూ వేస్తా” అని నలుగురూ వేస్తే? బోనస్ లేకపోయినా ఎవరో ఒకరికి తగిలే అవకాశం 76 పాళ్లకి చేరుతుంది. పండితుడికి తెలియనిది గొడ్డలి పట్టుకున్నవాడికి తెలిసి కూర్చుంటుంది. అదొక నవ్వులాట.

కథ ముందుకు నడవడానికి తప్పనిసరైన సంగతిని డైస్‌కి అప్పజెప్పకండి. పరిశోధన కథల ఆటల కోసం రాబిన్ లాస్ రూపొందించిన గమ్‌షూ పద్ధతి పునాదే ఇది: తగిన నైపుణ్యం ఉన్న క్యారెక్టర్ సరైన చోట వెతికితే అసలు క్లూ దొరికి తీరుతుంది, డైస్ లేదు. ఈ ఒక్క నియమాన్ని మీ ఆటలోకి తెచ్చుకోవడానికి రూల్స్ మార్చక్కర్లేదు. క్యారెక్టర్ షీట్ చూసి, “నువ్వు పూజారి ఇంట్లో పెరిగావు కాబట్టి నీకిది తెలుసు” అనేయండి.

డైస్ దేనికంటే, ఎంత లోతుగా తెలుసో తేల్చడానికి. ఉండవల్లి గుహల్ని చూసి రాసుకున్న ఒక నాలుగంతస్తుల కొండగుడి మీ ఆటలో ఉందనుకోండి. ముందుగానే నాలుగు మెట్లు రాసిపెట్టుకోండి. ఎంత పడినా: ఊరివాళ్లు చీకటి పడ్డాక ఇటు రారు. 10 దాటితే: పై అంతస్తులు తర్వాత తొలిచినవి, కింది గదులు పాతవి. 15 దాటితే: ఆ కింది గదుల్లో ఒకప్పుడు సన్యాసులు కాపురమున్నారు. 20 దాటితే: కాపురమున్నారంటే నీళ్ల తొట్టి ఉండాలి, తొట్టిలోకి కొండ మీది వాన నీరు వచ్చే దారీ ఉండాలి, ఆ దారిలో మనిషి పడతాడు. పై మెట్టుకి వెళ్లేకొద్దీ కాళ్లకీ చేతులకీ పని చెప్పే సంగతి రావాలి. 20 వేసినవాడికి రాజుగారి ముత్తాత పేరు చెబితే ఇంకెప్పుడూ హిస్టరీ చెక్ అడగడు.

డంజన్ వరల్డ్ అనే ఆటలో ఇంకో మంచి పద్ధతి ఉంది. అక్కడ రెండు ఆరు ముఖాల డైస్ వేసి కూడతారు. 10 గానీ అంతకు మించి గానీ వస్తే జీఎం ఆసక్తికరమైనదీ పనికొచ్చేదీ చెప్పాలి. 7 నుంచి 9 అయితే ఆసక్తికరమైనది చెబితే చాలు, పనికి తెచ్చుకోవడం ప్లేయర్ వంతు. ఆపైన జీఎం “ఇది నీకెలా తెలుసు?” అని అడగవచ్చు. ఆ ప్రశ్నని ఏ ఆటలోకైనా తీసుకోండి. “మా మేనమామ ఇక్కడే పడవ నడిపేవాడు” అని ప్లేయర్ అన్న క్షణం మీకో కొత్త ఎన్‌పీసీ ఊరికే దొరికినట్టు.

ఇక క్లూలు. ప్లేయర్లు చేరుకోవాల్సిన ప్రతి నిర్ధారణకీ కనీసం మూడు క్లూలు పెట్టమని ఈ గేముల రచయిత జస్టిన్ అలెగ్జాండర్ చెప్పిన సూత్రం ఈ ఆటలు ఆడేవాళ్లలో చాలామందికి తెలుసు. తెలిసీ చేసే తప్పు ఏమిటంటే, మూడింటినీ ఒకే గ్రంథాలయంలో పెట్టడం. ప్లేయర్లు గ్రంథాలయానికే వెళ్లకపోతే మూడూ పోయినట్టే. ఒకటి వస్తువుగా, ఒకటి మనిషి నోట, ఒకటి కళ్లెదుట జరిగేదిగా పెట్టండి, మూడు వేర్వేరు చోట్ల.

ప్రశ్న: క్యారెక్టర్లందరూ ఒకే ఊళ్లో పుట్టి పెరిగారు. ఆడేవాళ్లకు మాత్రం ఆ ఊరు కొత్త. “మీ అందరికీ తెలిసిందే కదా” అంటూ నేనే చెప్పాల్సి రావడం ఎబ్బెట్టుగా ఉంది.
— ఒక పాఠకురాలు, మంగళగిరి

జవాబు: చీటీలు పంచండమ్మా. ఏ4 కాగితాన్ని నాలుగు ముక్కలు చేసి, ఒక్కో ప్లేయర్‌కి ఒక్కో ముక్క మీద మూడు లైన్లు చేత్తో రాయండి. మొదటిది ఊరందరికీ తెలిసినది. రెండోది వాళ్లింట్లో మాత్రమే అనుకునేది. మూడోది ఆ క్యారెక్టర్ ఎవరికీ చెప్పనిది. నలుగురికీ కలిపి పన్నెండు లైన్లు, ఊరంతా వచ్చేసింది. ఆటలో చెరువు దగ్గరికి వచ్చినప్పుడు మీరు నోరెత్తకుండా, “చెరువు సంగతి నీకు తెలుసు, చెప్పు” అని ఆ చీటీ ఉన్నవాళ్ల వైపు చూడండి. చీటీ చదవనివ్వొద్దు, సొంత మాటల్లో చెప్పించండి. జీఎం చెబితే పాఠం, పక్కవాడు చెబితే కబురు. కబురునే చెవులు రిక్కించి వింటారు.

కొన్నిటిని వాళ్లచేతే కల్పించవచ్చు: “ఆ చెరువుకి ఆడపిల్లలు ఎందుకు పోరు?” మొహమాటస్తులు నోరు తెరవకపోతే రెండు దారులు చూపండి, “దయ్యం భయమా, పొలాల తగాదానా?” అని. క్యాంపెయిన్ అసలు రహస్యానికి జవాబు మాత్రం ప్లేయర్లని అడగకండి. అది వెతుక్కుంటూ వచ్చే సరదా వాళ్లదే, మీరు లాక్కున్నట్టవుతుంది.

ప్రశ్న: నా ఎన్‌పీసీలందరూ ఉపన్యాసాలిస్తారు. సత్రంలో ముసలాయన, గుళ్లో పూజారి, అందరూ నా గొంతుతోనే చరిత్ర చెబుతున్నారు.
— తెనాలి

జవాబు: బుర్రకథ గుర్తు తెచ్చుకోండి. షేక్ నాజర్ పుట్టిన పొన్నెకల్లు మీకు దగ్గరే. కథకుడు ఒక్కడే గంట చెప్పుకుంటూ పోతే జనం లేచిపోతారు, అందుకే పక్కన ఇద్దరు వంతలుంటారు. హాస్య వంత ఏమీ తెలియనట్టు అడ్డం పడి అడుగుతాడు, కథకుడు వాడికి చెబుతున్నట్టు మనకి చెబుతాడు. మీ సత్రంలో కూడా ముసలాయన పక్కన ఎదురుచెప్పేవాణ్ని ఒకణ్ని కూర్చోబెట్టండి. “ఊరుకో పెదనాన్నా, ఆ కోట తగలబడింది పిడుగుపాటుకి కాదు, కరణం కొడుకు పనే” అంటే చాలు. ప్లేయర్లు ఇద్దరిలో ఎవరిది నిజమో తేల్చుకునే పనిలో పడతారు. ఇద్దరూ సగం తప్పు చెప్పినా ఫర్వాలేదు, కాకపోతే ఎవరి అబద్ధం ఎవరికి లాభమో మీ నోట్‌బుక్‌లో ఉండాలి.

ఇంకోటి. ఏమీ అక్కర్లేని మనిషే ఉపన్యాసం ఇస్తాడు. ప్రతి ఎన్‌పీసీకీ ఆ క్షణంలో ఏదో ఒకటి కావాలి: డబ్బు, సాయం, వీళ్లు తొందరగా వెళ్లిపోవడం. కావలసినదాన్ని బట్టే మాట వస్తుంది. కృష్ణ మధ్యలో శాపం తగిలిన లంక ఉందని చెప్పడానికి పూజారి అక్కర్లేదు. పడవవాడు బేరం దగ్గర, “లంకకైతే పోవడానికే తీసుకుంటానండీ. రావడానికి డబ్బులు ఇప్పుడొద్దులెండి” అంటే అయిపోయింది. తర్వాత టేబుల్ చుట్టూ వచ్చే ప్రశ్నలకి ఒక్కోదానికి రెండేసి వాక్యాల జవాబు, అంతకు మించొద్దు.

ప్రశ్న: ప్లేయర్ల చేతికిచ్చే హ్యాండౌట్లు చేయాలనుంది. పాత ఉత్తరం, శాసనం, తాటాకు. అచ్చం పాతవాటిలా ఎలా?
— మొగల్రాజపురం, విజయవాడ

జవాబు: హ్యాండౌట్ల మీద మోజు పెంచింది ఎక్కువగా 1981లో వచ్చిన కాల్ ఆఫ్ క్తుల్హు అనే ఆట. అందులో పాత ఉత్తరాలు, పత్రికల కత్తిరింపులే కథని నడిపిస్తాయి. మనకు అంతకంటే మంచి సరుకుంది. తెలుగు శాసనం నడక చూడండి: శక సంవత్సరం, తిథి, రాజు బిరుదులు, దానం ఇచ్చినవాడు, ఇచ్చినది, పొలిమేరలు, చివర శాపం. ఒక్కో భాగం ఒక్కో రకం నేపథ్యాన్ని మోస్తుంది. బిరుదుల్లో రాజకీయం, దానంలో ఎవరి దగ్గర డబ్బుందో, పొలిమేరల్లో ఊరి నక్ష.

అన్నిటికంటే బాగా పనిచేసేది పొలిమేరలే. “తూర్పున పాత చెరువు కట్ట, దక్షిణాన ఇటుకల దిబ్బ, పడమట ముళ్ల బావి, ఉత్తరాన ఎవ్వరూ దున్నని చేను” అని రాసి ఇవ్వండి. ఆ చేను ఎందుకు దున్నరో ఎవరో ఒకరు అడగకుండా ఉండరు. శాపం వంతు వచ్చేసరికి నిజమైన శాసనాల్లో “స్వదత్తాం పరదత్తాం వా” శ్లోకం ఉంటుంది: దానమిచ్చిన భూమిని కాజేసినవాడు అరవై వేల ఏళ్లు అశుద్ధంలో పురుగై పుడతాడని. దాని కింద మీరొక్క లైను చేర్చండి, “ఉత్తరపు చేను తవ్వినవాడికీ ఇదే గతి” అని. మొత్తం పది లైన్లు దాటనివ్వకండి, బిరుదులు రెండు చాలు. వచనం మరీ గ్రాంథికమైతే టేబుల్ దగ్గర చదవలేక జీఎంనే అర్థం చెప్పమంటారు, మళ్లీ మొదటికొస్తాం.

పైకి కనిపించే తీరు విషయానికొస్తే, శాసనానికి టీ మరకలు పనికిరావు. శాసన పరిశోధకులు రాతి మీద తడి కాగితం పరిచి, బ్రష్‌తో కొట్టి అక్షరాల గుంటల్లోకి దించి, పైన సిరా అద్దుతారు. గుంటలకి సిరా అంటదు కాబట్టి అక్షరాలు తెల్లగా, చుట్టూ నల్లగా వస్తుంది. మీరు కంప్యూటర్‌లో నల్ల నేల మీద తెల్ల అక్షరాలు పెట్టి, అక్కడక్కడ ఒక అక్షరం సగం చెరిపి, జిరాక్స్ షాపులో లేజర్ ప్రింట్ తీయించండి. ఉంగరపు వేలంత మేర ఒక మూల చెరిగిపోవాలి. ఏ మాట చెరపాలో ముందే ఆలోచించుకోండి. అసలు క్లూని చెరిపేస్తే ఆట ఆగుతుంది, తేదీని చెరిపేస్తే వాదన పుడుతుంది. వాదనే కావాలి.

ఉత్తరానికైతే టీ. గ్లాసు నీళ్లలో రెండు చెంచాల టీపొడి ఐదు నిమిషాలు మరిగించి, వడకట్టి, చల్లారాక వెడల్పాటి ట్రేలో పోయండి. కాగితం రెండు నిమిషాలు నానితే చాలు. ఇంక్‌జెట్ ప్రింటు, జెల్ పెన్ను రాత నీళ్లకి పారిపోవచ్చు. లేజర్ ప్రింటు నిలుస్తుంది. చేత్తో రాయాలంటే కాగితం ఆరాకే రాయండి. పాత గుడ్డ మీద ఫ్యాను కింద ఆరేయండి. న్యూస్‌పేపర్ మీద వేస్తే అచ్చు అంటుకుంటుంది. కాస్త చెమ్మ ఉండగానే రెండు గుడ్డల మధ్య పెట్టి ఇస్త్రీ చేస్తే ముడతలు పోతాయి. అంచులు కాల్చడం మాకు నచ్చదు, సినిమా ఉత్తరంలా ఉంటుంది. తాటాకుకి మందపాటి పసుపు చార్టుని నాలుగు సెంటీమీటర్ల వెడల్పు, ముప్ఫై పొడవు పట్టీలుగా కోసి, పంచ్‌తో కన్నం వేసి దారం గుచ్చండి.

ఊరి చరిత్ర మొత్తం ఒకే కాగితంలో రావాలంటే కైఫీయత్తు పద్ధతి ఉంది. ఈస్టిండియా కంపెనీ సర్వేయర్ కాలిన్ మెకంజీ కోసం కావలి సోదరులు, వాళ్ల సహాయకులు ఊరూరా తిరిగి కరణాల దగ్గర సేకరించినవి అవి. పన్నుల లెక్క పక్కనే దేవుడు కలలో కనిపించిన సంగతి కూడా అంతే నిబ్బరంగా రాసి ఉంటుంది. ఏది నిజమో తేల్చుకోవాల్సిన కాగితం జీఎంకి వరం. ఒక పేజీ, అందులో ఒకే ఒక్క అబద్ధం.

ప్రశ్న: అచ్చయిన అడ్వెంచర్ పుస్తకాల్లో చదివి వినిపించమని పెట్టె కట్టిన వర్ణనలు ఇంగ్లిష్‌లో ఉంటాయి. మేం తెలుగులో ఆడతాం.
— అరండల్‌పేట, గుంటూరు

జవాబు: ముందురోజు చదివి, పుస్తకం మూసి, గుర్తున్నవి మూడు రాసుకోండి: ఒక వాసన లేదా చప్పుడు, చేత్తో పట్టుకోగల ఒక వస్తువు, తేడాగా ఉన్నది ఒకటి. ఆట దగ్గర వాటితోనే చెప్పండి. పుస్తకం మళ్లీ తెరవాల్సింది ఒక్క పనికే: పెట్టెలో ఉన్న ఏ తలుపు, ఏ గుర్తు చెప్పకపోతే చిక్కుముడి వీడదో దానికింద గీత పెట్టుకోవడానికి.

ప్రశ్న: మా ప్లేయర్ ఒకరు డంజన్స్ అండ్ డ్రాగన్స్‌లోని కల్పిత లోకం ఫర్‌గాటెన్ రెల్మ్స్ చరిత్రంతా కంఠస్థం పట్టాడు. ప్రతిదానికీ “పుస్తకంలో అలా లేదు” అంటాడు.
— పటమట, విజయవాడ

జవాబు: ఆటకి ముందే అందరి ముందూ చెప్పండి, పుస్తకంలో ఉన్నది ఆ లోకంలో జనం నమ్మేది, నిజం ఈ టేబుల్ మీద తేలుతుందని. ఆ తర్వాత ఆయన క్యారెక్టర్‌నే పండితుణ్ని చేసి, అడిగినప్పుడల్లా చెప్పే పని ఆయనకే ఇచ్చేయండి. మీకు శ్రమ తగ్గుతుంది. ఒకట్రెండు చోట్ల ఆయన పుస్తకజ్ఞానం తప్పని తేలనివ్వండి, కానీ ప్రాణాల మీదికి వచ్చే చోట కాదు. అది కక్షలా ఉంటుంది.

ప్రశ్న: రెండు వారాలకోసారి ఆడతాం. వచ్చేసరికి అంతా మర్చిపోతున్నారు.
— లక్ష్మీపురం, గుంటూరు

జవాబు: పోయినసారి ఏం జరిగిందో మీరు చెప్పకండి. డైస్‌లో తక్కువ పడినవాళ్లచేత చెప్పించండి, మూడు నిమిషాలు. మిగతావాళ్లు సరిదిద్దుతారు. ఎవరికీ గుర్తురాని సంగతిని వదిలేయండి, అవసరమైతే ఇంకో వేషంలో మళ్లీ తెండి. అందరూ తప్పుగా గుర్తుపెట్టుకున్నది మీరు రాసుకున్నదానికంటే బాగుంటే మీ నోట్సే మార్చేసుకోండి, ఎవరికీ తెలియదు.

టేబుల్ మధ్యలో పేరు కార్డులు నిలబెట్టండి. పెళ్లి శుభలేఖ కవర్లు మడిచి కోస్తే సరిపోతుంది. ముందువైపు పేరు, వెనకవైపు ప్లేయర్లే రాసిన ఒక మాట: “బాకీ ఉన్నాడు”, “అబద్ధాలకోరు”, “అక్క కోసం వెతుకుతోంది”. నిలబడ్డ కార్డులు పది దాటాయంటే మీరు మనుషుల్ని ఎక్కువ పెట్టారన్నమాట. వచ్చే సెషన్‌కల్లా ఇద్దరిని కలిపి ఒకరిని చేయండి. పన్ను వసూలు చేసేవాడూ, వడ్డీకి తిప్పేవాడూ ఒకడే అయితే కథకి వచ్చే నష్టమేమీ లేదు.